పేజీకో కాపురం

ఈమధ్య మచిలీపట్నంలో అద్దె ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది. ఇళ్ళు ఇప్పించే ఆఫీసు ఒకటి కొత్తగా తెరిచారని చెబితే వెళ్ళాను. చల్లటి గది, గాజు బల్ల. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నాలుగు పేజీల ఫారం చేతికిచ్చింది. పేరు, ఉద్యోగం రాశాను. జీతం రాశాను. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయమని ఉంది, సరేననుకున్నాను. మూడో పేజీలో ‘ప్రస్తుతం ఉన్న అప్పులు: ఎవరికి, ఎంత, ఎందుకు’ అని ఒక పెద్ద గడి ఉంది.

“ఇది కూడా రాయాలా అమ్మా?”

“అందరూ రాస్తున్నారండీ. ఓనర్లు అడుగుతున్నారు.”

“రాసినవి ఎక్కడ పెడతారు?”

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూపించింది. తలుపుల్లేని ర్యాకు. నిండా ఫైళ్ళు. ఎవరో మనిషి, ఆఫీసువాడో బయటివాడో తెలీదు, అందులోంచి ఒకటి లాగి నిలబడి తిరగేస్తున్నాడు.

కలానికి మూత పెట్టి, ఫారం బల్ల మీదే వదిలి బయటికి వచ్చేశాను. ఎండలో నడుస్తుంటే గుడివాడ బ్రోకరు గారు గుర్తొచ్చాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన ఒప్పుకోడు. ఎందుకొప్పుకోడో చెప్పాలంటే మొత్తం చెప్పాలి.

తొంభైల చివర్లో గుడివాడలో ఒక నర్సింగ్ హోములో నర్సుగా చేరాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాన్న లేడు. అమ్మని తీసుకుని, రెండు ట్రంకు పెట్టెలతో మచిలీపట్నం నుంచి వచ్చాను. ఇల్లు కావాలంటే ఆయన దగ్గరికే వెళ్ళాలని మా నర్సింగ్ హోములో అందరూ అన్నారు. బంటుమిల్లి రోడ్డులో జిరాక్స్ షాపు ముందు ఒక బల్ల, రెండు కుర్చీలు. అదే ఆయన ఆఫీసు.

యాభై దాటిన మనిషి. పొట్టి మెడ, వెడల్పాటి భుజాలు. తెల్లచొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉండేవి. ఎదుటివాళ్ళ ముఖం చూసేవాడు కాదు, చెప్పులు చూసేవాడు. చెప్పులు చూస్తూనే ప్రశ్నలు మొదలుపెట్టేవాడు.

“కూర్చోండమ్మా. జీతమెంత?”

“పన్నెండు వందలండీ.”

“చేతికొచ్చేది?”

“పదకొండు వందల చిల్లర.”

“బ్యాంకు పుస్తకం తెచ్చావా?”

తెచ్చాను. బొటనవేలు ఒక్కో వరస మీద పెట్టి, గట్టిగా నొక్కుతూ చదివాడు.

“ఆర్నెల్ల కింద ఒకేసారి రెండు వేలు తీశావు. దేనికి?”

“మా అన్నయ్యకండీ.”

“అన్నయ్యకేమైంది?”

అమ్మ చెప్పేసింది. అన్నయ్య ఆటో కొన్న సంగతి, అది బోల్తా పడ్డ సంగతి, వడ్డీల సంగతి. ఆయన రాసుకుంటూనే ఉన్నాడు. అమ్మ చేతులకేసి చూశాడు.

“గాజులు తాకట్టా, అమ్మేశారా?”

“తాకట్టే అన్నయ్యగారూ.”

“ఎవరి దగ్గర? ఎంతకి?”

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి నిలబడ్డాను.

“మేం ఇల్లడగడానికొచ్చామండీ. సాక్ష్యం చెప్పడానికి కాదు.”

అప్పుడు మొదటిసారి నా ముఖం చూశాడు. “కోపమొచ్చిందా? రానీ. అప్పుందని ఇల్లివ్వనన్నానా? అప్పున్నవాడికిస్తా. అబద్ధమాడేవాడికి మాత్రం ఇవ్వను. కూర్చో.”

కూర్చున్నాను. వేరే ఊరు, చీకటి పడితే తల దాచుకోవడానికి చోటు లేదు. తాకట్టు కొట్టు పేరు నేనే చెప్పాను. పొడుగాటి అట్టపుస్తకంలో, పేజీ మీద మా పేరు రాసి, కింద మా బతుకంతా నాలుగు వరసల్లో ఎక్కించాడు. పేజీకో కాపురం. ఆ పుస్తకం ఎప్పుడూ బల్ల మీదే ఉండేది. గాలికి పేజీలు ఎగరకుండా మీద ఒక తూకపు రాయి పెట్టేవాడు.

“నా పుస్తకంలో లేకుండా ఈ ఊళ్ళో ఎవడూ అద్దెకి లేడు,” అని ఆ రాయి మీద అరచేత్తో చరిచేవాడు. ఆ మాట నేను పాతికసార్లైనా విని ఉంటాను.

మాకు ఒక రిటైరైన మాస్టారి మేడ మీద గది ఇప్పించాడు. మేడ మీద రెండు వాటాలు. రెండోదాంట్లో ఒక బట్టలకొట్టు గుమాస్తా, అతని భార్య ఉండేవాళ్ళు. మేం చేరిన నాలుగో నెలలో ఒక ఆదివారం పొద్దున బ్రోకరు గారు మెట్లెక్కి వచ్చాడు. నేను డాబా మీద బట్టలారేస్తున్నాను. గుమాస్తా వాటా తలుపు కొట్టలేదు, తన్నాడు.

“రెండు వేలొస్తుందని రాయించావు. మీ షావుకారునడిగాను. తొమ్మిది వందలు.”

గుమాస్తా ఏదో చెప్పబోయాడు. దెబ్బ చెంప మీద పడింది. ఆ చప్పుడు నాకు డాబా చివరిదాకా వినిపించింది. రెండో దెబ్బకి అతని పెదవి చిట్లింది. మడతమంచం ఎత్తి మెట్ల మీంచి కిందికి విసిరేశాడు. స్టవ్వు విసిరేశాడు. అతని భార్య బియ్యం డబ్బాని రెండు చేతులతో కావలించుకుని గోడకి ఆనుకుంది. ఆయన డబ్బాని కాలితో తన్నాడు. మూత ఊడి బియ్యం మెట్ల మీద జలజలా పారాయి. గుమాస్తా తన భార్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని బియ్యం ఎత్తుకుంటుంటే, నెత్తురు బొట్లు బియ్యంలో పడుతున్నాయి. కింద మాస్టారు వాకిట్లో నిలబడి పేపరు చదువుకుంటున్నారు.

అంతా అయ్యాక బ్రోకరు గారు మా గుమ్మం దగ్గరికొచ్చి మంచినీళ్ళడిగాడు. కుడిచేతి కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది. గుమాస్తా పన్ను గీసుకున్నట్టుంది. అమ్మ నావైపు చూసింది. దూది తెచ్చి కడిగాను.

“అంత కొట్టాలా బాబాయ్ గారూ?”

“అద్దె బాకీకి కొట్టలేదమ్మా. అబద్ధానికి కొట్టాను.”

“తొమ్మిది వందలని నిజం చెబితే ఇల్లిచ్చేవారా?”

చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది. నన్నూ కొడతాడనుకున్నాను. “నువ్వు కట్టు కట్టు,” అన్నాడు.

ఊళ్ళో ఆయనంటే ఇంటివాళ్ళకి ఎంత ధైర్యమో, అద్దెకుండేవాళ్ళకి అంత భయం. కానీ ఆయనే, వాళ్ళలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే రిక్షా కట్టించి మా నర్సింగ్ హోముకి తెచ్చేవాడు. ఫీజు దగ్గర డాక్టరు గారితో పోట్లాడేవాడు. “వీడి జీతం నాకు తెలుసండీ, అంత ఇచ్చుకోలేడు,” అని వరండాలో అందరూ వినేట్టు చెప్పేవాడు. రోగి సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకునేవాడు. అది సాయమేనని ఆయన ఉద్దేశం.

గుమాస్తా ఖాళీ చేసిన వాటాలోకి పెడన నుంచి నాంచారయ్య, అతని భార్య పద్మ దిగారు. నాంచారయ్యది బట్టల మీద కలంకారీ అద్దకం పని. గోళ్ళ సందుల్లో నల్లరంగు ఎప్పుడూ పోయేది కాదు. సామానంటూ పెద్దగా లేదు గానీ, గోనెసంచీ నిండా టేకుచెక్క అచ్చులు తెచ్చుకున్నారు. వాళ్ళ నాన్న చెక్కించినవట. పద్మకి నవ్వొస్తే ఆపుకోలేకపోయేది. వారం తిరిగేసరికి మా అమ్మని అత్తయ్యా అనీ, నన్ను అక్కా అనీ పిలవడం మొదలుపెట్టింది.

వాళ్ళు పెడన నుంచి పారిపోయి వచ్చారు. పెడనలో సొంతంగా పని పెట్టుకుందామని ఒక వడ్డీవ్యాపారి దగ్గర అప్పు చేశారు. అసలు తీరిపోయినా వడ్డీ తీరలేదు. ఒక రోజు ఆ వ్యాపారి మనుషులు పద్మ చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకి లాగారు. ఆ మర్నాడే వీళ్ళు సంచీ కట్టుకుని బస్సెక్కారు.

బ్రోకరు గారు అబద్ధానికి కొడతాడని వాళ్ళకి ఎవరో ముందే చెప్పారు. అందుకని ఆయన ముందు కూర్చుని ఏదీ దాచకుండా చెప్పేశారు. వ్యాపారి పేరు, మొత్తం, పారిపోయిన రోజు, అన్నీ. ఆయన మా ఇంటికొచ్చి అమ్మతో మురిసిపోతూ అన్నాడు, “ఆ పెడన కుర్రాడు బంగారం చెల్లెమ్మా. పైసా దాచలేదు. నా పుస్తకంలో అంత నిజమైన పేజీ ఇంకోటి లేదు.”

తర్వాత జరిగింది ఆయనే నాకు చెప్పాడు. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆయన బల్ల దగ్గర ఒక మనిషి టీ తాగుతూ కూర్చున్నాడు. ఆ వడ్డీవ్యాపారికి వసూళ్ళు చేసేవాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేంత చనువు.

“పెడనవాళ్ళెవరైనా ఈమధ్య నీ దగ్గరికొచ్చారా బావా? నీకు తెలీదులే.”

తెలీదులే అన్న మాట ఆయన తట్టుకోలేకపోయాడు. తూకపు రాయి పక్కకి తీశాడు. పేజీ తెరిచాడు. “నాకు తెలీనిదేముంది? ఇదిగో, మీ షావుకారు పేరు కూడా ఉంది చూడు,” అని మొదట్నుంచీ చివరిదాకా చదివి వినిపించాడు. ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. ఆ రోజు టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

మూడో రోజు మధ్యాహ్నం ముగ్గురొచ్చారు. నాకు రాత్రి డ్యూటీ అయి, పడుకుని అప్పుడే లేచాను. పక్క వాటాలో పద్మ అన్నం వారుస్తోంది. నాంచారయ్య నేల మీద గుడ్డ పరిచి అచ్చు వేస్తున్నాడు. మెట్ల మీద కాళ్ళ చప్పుడు, తలుపు గోడకి కొట్టుకున్న చప్పుడు, పద్మ కేక, అన్నీ ఒకేసారి వినిపించాయి.

నేను వెళ్ళేసరికి ఒకడు నాంచారయ్య వీపు మీద మోకాలు పెట్టి నేలకి నొక్కి పట్టాడు. ఇంకొకడి చేతిలో ఇనప గొట్టం. పక్కన సంచీ బోర్లించి ఉంది.

“పారిపోతే దొరకవనుకున్నావా? మా బాకీ సంగతి బ్రోకరు చేత రాయించుకుని మరీ కాపురం పెట్టావే,” అన్నాడు గొట్టం పట్టుకున్నవాడు. “ఈ చేత్తోనేగా పని చేసేది?”

ఆ కుడిచేతిని లాగి, తడిరంగుతో ఉన్న అచ్చు మీద పెట్టించాడు. నేను అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. మూడోవాడు నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నోట్లో ఏదో కరకరలాడింది. పై పన్ను సగం విరిగింది. నేను నేల మీద పడి చూస్తుండగానే గొట్టం దిగింది. ఒకసారి. మళ్ళీ. మూడోసారికి నాంచారయ్య అరుపు ఆగిపోయింది. మణికట్టు ఉండాల్సిన చోట లేదు.

పద్మ గంజిగిన్నె ఎత్తి ఆ గొట్టంవాడి మెడ మీద కుమ్మరించింది. మరుగుతున్న గంజి. వాడు మెడ పట్టుకుని గుడ్డ మీద పడి దొర్లాడు. మిగతా ఇద్దరూ వాణ్ని చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకుపోయారు. పోతూ పోతూ ఒకడు అచ్చుల్ని మెట్ల మీంచి కిందికి తన్నాడు. మాస్టారు లోపలినుంచి తలుపు గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించింది.

నేను నోట్లో నెత్తురు ఉమ్మేసి, చీపురుపుల్లలు కట్టగా కట్టి నాంచారయ్య చేతికి బద్దలాగా పెట్టి చీర చింపి కట్టాను. అంతలో ఎవరో చెప్పగా బ్రోకరు గారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆ చెయ్యి చూశాడు. నేల మీద రంగు, నెత్తురు, గంజి కలిసిపోయి ఉన్నాయి.

పద్మ లేచింది. మూలనున్న చెప్పు తీసింది. దగ్గరికెళ్ళి ఆయన ముఖం మీద కొట్టింది. ఆయన కదల్లేదు. మళ్ళీ కొట్టింది. చెప్పు తెగిపోయేదాకా కొట్టింది. ముక్కులోంచి నెత్తురు కారి ఆ తెల్లచొక్కా మీద పడింది. ఊళ్ళో అందర్నీ కొట్టే ఆ మనిషి చేతులు రెండూ కిందికి వదిలేసి నిలబడ్డాడు. కళ్ళు మూసుకోలేదు.

“నిజం చెప్పమన్నావు,” అంది పద్మ. “చెప్పాం. ఎవరికిచ్చావు?”

ఆయన నాంచారయ్యని భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

కేసు పెట్టాం. ముగ్గురిలో ఇద్దరు దొరికారు. వాళ్ళు వ్యాపారి పేరు చెప్పలేదు. నాంచారయ్య చేతికి విజయవాడలో రెండుసార్లు ఆపరేషన్ అయింది. వేళ్ళు కదిలేవి గానీ బిగువు రాలేదు. అచ్చు పట్టుకుంటే జారిపోయేది. ఖర్చంతా బ్రోకరు గారే పెట్టాడు. డబ్బు తీసుకునేటప్పుడు పద్మ ఒక్కసారి కూడా ఆయన ముఖం చూడలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఊళ్ళో చాలామందికి పిచ్చిపనిలా కనిపించింది. పుస్తకం దారం విప్పి, పేజీలన్నీ విడదీసి, ఎవరి పేజీ వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాడు. వారం రోజులు అదే పని. ఎండలో నడిచి వెళ్ళి తలుపు కొట్టి, “ఇది మీదండీ,” అని కాగితం చేతిలో పెట్టేవాడు. కొందరు తిట్టారు. ఎన్నేళ్ళుగా ఇది ఎవరెవరు చదివారని ఒకాయన కాలరు పట్టుకున్నాడట. బట్టలకొట్టు గుమాస్తా ఎక్కడుంటున్నాడో కనుక్కుని ముదినేపల్లి దాకా వెళ్ళాడు. అతను కాగితం తీసుకుని, ఆయన ముఖం మీద ఉమ్మేసి తలుపేసుకున్నాడు. ఈ సంగతి కూడా ఆయనే చెప్పాడు, తుడుచుకున్నట్టు చెంప మీద చెయ్యి పెట్టి.

మా పేజీ అమ్మ తీసుకుంది. చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది. తర్వాత పొయ్యిలో పెట్టింది.

మాస్టారు ఊరుకోలేదు. ఒక రోజు ఆయన్ని పిలిపించి మా ముందే అడిగారు.

“అప్పులవాళ్ళని నా ఇంట్లో పెట్టి రౌడీల్ని తెచ్చావు. ఇకమీదట జీతం కాగితం, బ్యాంకు పుస్తకం, అప్పుల జాబితా, అన్నీ నాకు చూపించాకే ఎవర్నైనా తీసుకురా.”

“జీతం అడుగుతానండీ. అద్దె కట్టగలడో లేదో చూడాలిగా. పని చేసేచోట ఒక మాట కనుక్కుంటా. అంతే.”

“అప్పులుంటే?”

“అద్దె నెలనెలా మీ చేతిలో పడుతుందా లేదా? అది చూసుకోండి. ఆ మనిషి ఇంకెక్కడ చెయ్యి చాచాడో మీకెందుకు, నాకెందుకు?”

“పదేళ్ళు నువ్వే అడిగావు కదయ్యా ఇవన్నీ.”

“అడిగాను. అందుకేగా ఆ కుర్రాడి చెయ్యి అలా ఉంది.”

“నా ఇల్లు, నేనడుగుతాను.”

బ్రోకరు గారు కూర్చున్న కుర్చీలోంచి లేచి, దాన్ని రెండు చేతులతో ఎత్తి గచ్చుకేసి కొట్టాడు. రెండు కాళ్ళూ విరిగి ఎగిరిపడ్డాయి. మాస్టారు గోడకి అతుక్కుపోయారు.

“మాది దివిసీమ మాస్టారూ,” అన్నాడు, ఆయాసపడుతూ. “ఉప్పెన వచ్చినప్పుడు నేనూ మా అమ్మా తడిగుడ్డలతో ఒకళ్ళ అరుగెక్కాం. ఆ ఇంటాయన ఒక్కటే అడిగాడు. ఎంతమంది అని. ఇద్దరమన్నాం. లోపలికి రమ్మన్నాడు.”

విరిగిన కుర్చీకి డబ్బు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన నోట ఉప్పెన మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

దాంతో ఇంటివాళ్ళు చాలామంది ఆయన్ని వదిలేశారు. బ్యాంకు కాగితాలడిగి తెచ్చిపెట్టే కొత్త బ్రోకర్లు ఇద్దరు ముగ్గురు బయల్దేరారు. ఆయన బల్ల దగ్గర జనం పలచబడ్డారు. వచ్చినవాళ్ళని జీతమెంత, ఎక్కడ పని, ఎంతమంది అని మూడు మాటలడిగేవాడు. రాసుకునేవాడు కాదు. ఎవరైనా పాత అలవాటు కొద్దీ తమ కష్టాలు మొదలుపెడితే, “అవి నాకొద్దు. చెప్పొద్దు. ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్పుకో,” అని కసురుకునేవాడు.

కేసు నడుస్తుండగానే, సాక్ష్యం చెప్పనివ్వకూడదని వ్యాపారి మనుషులు మళ్ళీ వాళ్ళ కోసం తిరుగుతున్నారని తెలిసింది. ఒక తెల్లవారుజామున ఆయన ట్రాక్టరు మాట్లాడి నాంచారయ్యనీ పద్మనీ దివిసీమలో తనకి తెలిసిన ఊరికి పంపించేశాడు. ఏ ఊరో మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నాను. జిరాక్స్ షాపాయన బ్రోకరు గారిని రిక్షాలో తీసుకొచ్చాడు. కుడిచేతికి చుట్టిన తువ్వాలు మొత్తం తడిసి, వరండా పొడుగునా చుక్కలు పడ్డాయి. తువ్వాలు విప్పాను. చూపుడువేలు, పక్క రెండు వేళ్ళు నలిగి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఎముక తెల్లగా బయటికొచ్చింది.

జరిగింది షాపాయన చెప్పాడు. నలుగురొచ్చి పెడనవాళ్ళెక్కడని అడిగారు. ఆయన టీ తాగుతూనే ఉన్నాడు. షాపులోకి ఈడ్చి, చెయ్యి గుమ్మం మీద పెట్టించి, ఇనప షట్టరు లాగారు. పైకెత్తి మళ్ళీ అడిగారు. మళ్ళీ లాగారు.

డాక్టరు గారు వచ్చేలోపు గాయం కడుగుతున్నాను. ఆయన ఒళ్ళంతా చెమటతో ముద్దయి ఉంది. పళ్ళు కరుచుకుని పైకప్పుకేసి చూస్తున్నాడు.

“చెప్పేస్తే పోయేది కదా బాబాయ్,” అన్నాను. ఆ వేళ్ళు చూసి అలా అనేశాను.

“నాకు గుర్తులేదమ్మా.”

“నాతోనా అబద్ధం?”

“ఒట్టు. ఊరు గుర్తులేదు. రాసిపెట్టుకోలేదుగా.” అని నవ్వబోయాడు. నేను స్పిరిట్ పోశాను. నవ్వు కేకగా మారింది. మంచం పట్టీ ఎడంచేత్తో పట్టుకుని వంచేశాడు.

చూపుడువేలు తీసేయాల్సి వచ్చింది. మిగతా రెండూ వంకరగా ఉండిపోయాయి. ఈసారి షాపాయన సాక్ష్యం చెప్పాడు. రోడ్డు మీద మరో ఆరుగురు చెప్పారు. ఆ ఆరుగురిలో నలుగురు ఆయన ఒకప్పుడు ఇళ్ళిప్పించినవాళ్ళే. వ్యాపారి పేరు కోర్టులో వినపడింది. జైలుకెళ్ళాడు, కొద్దికాలానికి బయటికొచ్చాడు, కానీ ఆ తర్వాత మా వైపు మనుషుల్ని పంపలేదు.

బ్రోకరు గారు మరో నాలుగేళ్ళు బతికాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. షుగరుకి కాలు పుండుపడి, చివరి పదిరోజులు మా నర్సింగ్ హోములోనే ఉన్నాడు. నొప్పి ఎక్కువైతే కట్టు విప్పేసేవాడు, నన్నూ తిట్టేవాడు. ఒకసారి ట్రే విసిరికొట్టాడు. పోయేముందు రోజు, అవనిగడ్డలో ఒక కిరాణా కొట్టు ఫోన్ నెంబరు చెప్పాడు. తడుముకోకుండా చెప్పాడు.

“నేను పోయాక చెయ్యి. ముందు చెయ్యకు.”

చేశాను. నాంచారయ్య పలికాడు. అతనక్కడ కొట్లో లెక్కలు చూస్తున్నాడట, ఎడంచేత్తో రాయడం నేర్చుకుని.

మర్నాడు పొద్దున ఇద్దరూ బస్సు దిగి బ్రోకరు గారి ఇంటికి వచ్చారు. పద్మ చిక్కిపోయింది. నన్ను పట్టుకుని ఏడ్చింది గానీ లోపలికి వెళ్ళలేదు.

“నేను ఆయన్ని చూడ్డానికి రాలేదక్కా. ఈయన ఒక్కడే వస్తానంటే పంపలేక వచ్చాను.”

పాడె సిద్ధమైంది. పట్టడానికి జిరాక్స్ షాపాయన, ఆ రోజు ఆయన్ని మా దగ్గరికి తెచ్చిన రిక్షా మనిషి, పక్కింటతను ఉన్నారు. ఆయన ఇన్నేళ్ళూ ఎవరి ఇళ్ళు నింపాడో ఆ ఇంటివాళ్ళు ఒక్కరూ రాలేదు. నాలుగోవాడి కోసం చూస్తుంటే నాంచారయ్య చొక్కా విప్పాడు. పద్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

“వద్దు. నీ చెయ్యి ఆగదు.”

“ఎడం భుజం మీద పెట్టుకుంటాలే.”

“ఆ చెయ్యి అలా అయింది ఎవరివల్ల?”

“తెలుసు,” అన్నాడు నాంచారయ్య. “వదులు.”

వదిలింది. పాడె లేచింది. ఆడవాళ్ళం గేటు దగ్గర ఆగిపోయాం. పద్మ మెట్టు మీద కూర్చుని, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ఏమనుకుందో లేచి గబగబా నడిచింది. నేనూ వెంట వెళ్ళాను.

కాలవ వంతెన ఎక్కేచోట నాంచారయ్య వైపు పాడె ఒరిగింది. కుడిచేత్తో ఎగదోద్దామంటే ఆ చెయ్యి వెదురు మీంచి జారిపోతోంది. శవం పక్కకి కదిలింది. మిగతా ముగ్గురూ ఆగమని అరిచారు. పద్మ చెంగు నడుముకి దోపుకుని వాళ్ళ మధ్యకి వెళ్ళి, వెదురు కింద తన భుజం పెట్టింది. ఆడవాళ్ళు పట్టకూడదని ఎవరో అన్నారు. “నడవండి,” అంది.

వంతెన దిగేదాకా మోసింది. అక్కడ దారిలో వచ్చి కలిసినవాళ్ళలో ఒకతను చెయ్యి వేస్తే భుజం తీసేసి పక్కకి తప్పుకుంది. మెడ మీద వెదురు ఒరుసుకున్నచోట ఎర్రగా గీత పడింది. దాన్ని తడుముకుంటూ, వెనక్కి చూడకుండా బస్టాండు వైపు నడిచింది.